సవ్వడి మానిన కంప్యూటరు

చలనచిత్రమును చూడ గూర్చున్నవానికి యంత్రము చేయు రొద యెంత చిన్నదైనను వినబడక మానదు. పాటలలోను పోరాటములలోను మరుగుపడిన యా రొద, నాయికానాయకులు మాట చాలించి యొకరి నొకరు చూచుకొను ఘడియలో గదినంతను ఆక్రమించును. కార్యాలయమున బల్లక్రింద నుండి పదేండ్లు హోరెత్తించినను ఎవ్వరును తప్పుపట్టని పెట్టెను ఇంటి హాలులోనికి, టెలివిజను ప్రక్కకు తెచ్చి నిలుపవలెనని మానవునకు కోరిక కలిగిన నాడే ఈ చరిత్ర మొదలైనది. పైకి వినోదచరిత్రవలె గానవచ్చును గాని, నిజమున కిది ఉష్ణమును గూర్చిన చరిత్ర.

1996లో అమెరికాలోని గేట్‌వే 2000 సంస్థ డెస్టినేషన్ అను పేర, 31 అంగుళముల తెరను తీగలేని కీబోర్డును జతపరచి యొక కంప్యూటరును విపణిలో ప్రవేశపెట్టెను. నాలుగువేల డాలర్ల ప్రాంతమున పలికిన యా వస్తువు కలవారి ముచ్చటగా నిలిచినదే కాని సామాన్యగృహస్థుని గడప త్రొక్కలేదు. 1999లో టీవో, రీప్లే టీవీ అను రికార్డింగు పెట్టెలు వెలువడి, ప్రసారమగుచున్న కార్యక్రమమును హార్డ్ డిస్కుపై నిలువజేసి తీరికవేళ చూచుకొనవచ్చునని జనులకు రుచి చూపినవి. ఆ రుచి మరిగినవారికి, ఈ పనికై మరియొకరి పెట్టెను కొననేల, మన యింటి కంప్యూటరు చాలదా యను ఊహ తోచక మానునా?

ఆ ఊహకు ఫలకాలము 2002. కేబులు సంస్థ ఇచ్చిన పెట్టె చానెలు మార్చుటకు జాగు చేయుచున్నదని విసిగిన ఐజాక్ రిచర్డ్స్ అను ప్రోగ్రామరు, లినక్సుపై నడచు మిత్‌టీవీ అను ఉచిత సాఫ్ట్‌వేరును వ్రాయ నారంభించెను. ఆ యేటనే మైక్రోసాఫ్టు విండోస్ ఎక్స్‌పీ మీడియా సెంటర్ ఎడిషనును వెలువరించెను గాని, తొలుత దానిని క్రొత్త కంప్యూటరుతో కలిపియే అమ్మెను. మరికొందరు ఔత్సాహికులు ఎక్స్‌బాక్స్ అను ఆటల యంత్రమును లోబరచుకొని, 733 మెగాహెర్ట్జుల ప్రాసెసరును 64 మెగాబైట్ల మెమొరీని మాత్రమే నమ్ముకొని యున్న దానిచే చలనచిత్రములు చూపించిరి. ఆ ప్రయత్నమే పెరిగి ఎక్స్‌బీఎంసీ యై, 2014లో కోడీ యని పేరు మార్చుకొనెను.

సాఫ్ట్‌వేరు ఈ విధముగా సిద్ధమగుచుండగా, దానిని నడపవలసిన పెట్టె మాత్రము హాలునకు నానాటికి దూరమగుచుండెను. వేగమే పరమావధిగా నెంచిన ఇంటెల్ సంస్థ 2004 ఫిబ్రవరిలో విడుదల చేసిన పెంటియం 4 ప్రెస్కాట్ ప్రాసెసరులలో పెద్దవానికి నిర్ణయించిన ఉష్ణప్రమాణము 103 వాట్లు. వెలుగుచున్న నూరు వాట్ల బల్బును ఎన్నడైన పొరపాటున తాకినవారికి ఈ యంకె యర్థమును వేరుగ విప్పి చెప్ప నక్కరలేదు. ఆ వేడిని తరుముటకు ప్రాసెసరుపై నొక ఫ్యాను, విద్యుత్తును సరఫరాచేయు ఎస్.ఎం.పి.ఎస్. లోపల నొక ఫ్యాను, గ్రాఫిక్స్ కార్డుపై చిన్నదే యయ్యు కీచుమను మరియొక ఫ్యాను. ఇవి చాలనట్లు నిమిషమునకు 7200 చుట్లు తిరుగు హార్డ్ డిస్కు తన కంపనమును క్యాబినెట్టు రేకునకు పంచి దానిని కూడ పలికించుచుండెను.

ఈ దశలో పనికి పూనుకొన్నవారు సంస్థలవారు కారు, రాత్రివేళ స్క్రూడ్రైవరు చేతబట్టిన ఔత్సాహికులు. వారు ముందుగా కనిపెట్టినది ఫ్యాను స్వభావము: వేగమును సగమునకు తగ్గించినచో గాలి సగమే తగ్గును గాని, సవ్వడి సుమారు 15 డెసిబెల్లులు, అనగా చెవికి మూడవవంతుగా తోచునంతగా, పడిపోవును. కావున 8 సెంటీమీటర్ల ఫ్యానులను తీసివైచి 12 సెంటీమీటర్లవానిని తగిలించి మెల్లగా త్రిప్పుట మేలని తేలినది. మెల్లగా త్రిప్పుట యెట్లు? ఎస్.ఎం.పి.ఎస్. నుండి వచ్చు నాలుగు తీగల కనెక్టరులో పసుపుతీగ 12 వోల్టులు, ఎరుపుతీగ 5 వోల్టులు, నడుమ రెండును నల్లనివి. ఫ్యాను నల్లతీగ పిన్నునకు గల సన్నని ముండ్లను సూదితో నొక్కి వెలికిదీసి, దానిని ఎరుపుతీగ కెదురుగా గ్రుచ్చినచో, ఫ్యానునకు దక్కునది రెండింటి భేదమైన 7 వోల్టులు మాత్రమే. కాసు ఖర్చు లేని యీ యుపాయమునందు ప్రమాదము లేకపోలేదు. ఫ్యాను లోపల షార్టయినచో 12 వోల్టులు 5 వోల్టుల దారిలో జొరబడి ఆ దారినున్న పరికరములను కాల్చివేయగలవు. అయినను వేలమంది ఆ సాహసమునకు వెనుదీయలేదు.

హార్డ్ డిస్కు విషయమున సీగేట్ సంస్థ 2001లో తెచ్చిన బారకూడా ఏటీఏ IV గొప్ప మేలు చేసెను. దాని యిరుసు ఉక్కుగుండ్లపై గాక పలుచని నూనెపొరపై తిరుగుటచే కీచుధ్వని యడగినది. మిగిలిన కంపనమును మాన్పుటకు, సీడీ డ్రైవు నుండవలసిన యరలో దర్జీలు వాడు ఎలాస్టిక్కును అడ్డముగా బిగించి, డిస్కును దానిపై ఉయ్యెలవలె వ్రేలాడగట్టిరి. అట్టి క్యాబినెట్టును కదలించునపుడు డిస్కును ముందు విప్పవలసి వచ్చెడిది.

ధనము వెచ్చించి మౌనమును కొనవచ్చుననువారికి కొరియాలోని జాల్మన్ సంస్థ టీఎన్ఎన్ 500ఏ అను క్యాబినెట్టును చూపెను. ఫ్యాను ఒక్కటియు లేక, గోడలన్నియు అల్యూమినియము రెక్కలతో, ఉష్ణమును నాళములగుండ ఆ గోడలకు పంపు నా పెట్టె కంప్యూటరు మొత్తము ఖరీదును మించి పలుకుచుండెను. అది యద్భుతమే గాని, నూరు వాట్లు పుట్టించి పిదప వానిని మోయుటకు ఇనుపబీరువా వంటిదానిని కొనుట వివేకమని నేననజాలను. వివేకము మరియొక దారిని వచ్చినది. తైవానులోని వయా సంస్థ 17 సెంటీమీటర్ల చదరపు మదర్‌బోర్డుపై, 533 మెగాహెర్ట్జుల ప్రాసెసరును ఫ్యాను లేకయే నడపి చూపెను. డీవీడీని సాఫ్ట్‌వేరుచే విప్పుటకు దాని శక్తి చాలక యాయాసపడినను, కాలు నిలుపవలసిన చోటు ఏదో అది తెలిపినది. 2003లో ల్యాప్‌టాపులకై వచ్చిన పెంటియం ఎం 25 వాట్లలోపుననే పెద్ద ప్రాసెసరులతో పోటీపడగా, దానిని మామూలు పెంటియం 4 బోర్డులో నిలుపుటకై ఆసుస్ సంస్థ 2005లో ఒక చిన్న అడాప్టరును అమ్మెను.

మన తెలుగిండ్ల కథ వేరు. సికిందరాబాదు పార్క్ లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో, అనగా సీటీసీలో, విడిభాగములు కొని కంప్యూటరు కట్టించుకొన్న గృహస్థుడు వీసీడీలో చిత్రము చూచునపుడు, నెత్తిపై సీలింగు ఫ్యాను గిరగిర తిరుగుచుండగా క్యాబినెట్టు రొదను పట్టించుకొనిన పాపాన పోలేదు. మరియు వేడిని గాలికి విడుచు లోహపు రెక్కల హీట్ సింకు ఎంత గొప్పదైనను గదిలోని గాలికంటె చల్లబడజాలదు. శీతలదేశపు గదికై కొలిచి చేసిన ఫ్యానులేని పెట్టెకు రెంటచింతల మే నెల మధ్యాహ్నము పరీక్షయే. అయితే ఆ సీలింగు ఫ్యాను గాలియే దాని రెక్కలకు తగిలి కొంత మేలు చేయుననుటయు నిజము, దుమ్మును లోనికి పీల్చు ఫ్యాను లేకపోవుటయు మన వీధులప్రక్క ఇండ్లకు లాభమే.

చిత్రమును విప్పు శ్రమను ప్రాసెసరునుండి తొలగించి ప్రత్యేకమైన చిప్పున కప్పగించుట నిజమైన మలుపు. 2008 మార్చిలో ఏఎండీ విడుదల చేసిన 780జీ చిప్‌సెట్టు, వేరు గ్రాఫిక్స్ కార్డు లేకయే హైడెఫినిషన్ చిత్రములను విప్పుటచే, చవుక ప్రాసెసరు చాలునను ధైర్యము కలిగినది. ఆ యేడే ఇంటెల్ ఆటమ్ వచ్చినది. దాని తొలిబోర్డు నొకదానిని చూచినవారికి నవ్వు రాక మానదు: 4 వాట్ల ప్రాసెసరు చిన్నరేకు క్రింద నెమ్మదిగా నుండగా, దాని పరిచారికయైన పాత చిప్‌సెట్టు 22 వాట్లు వెలిగ్రక్కుచు, తనకొక బుల్లి ఫ్యానును ధరించి, ఆ కీచుధ్వనితో బోర్డు ప్రతిష్ఠనంతను చెరచుచుండెను. మరుసటి యేట ఎన్‌విడియా అయాన్ ఆ పరిచారికను మార్చి చిత్రములను విప్పు పనిని కూడ దానికే యప్పగించెను.

2012 ఫిబ్రవరి 29న అమ్మకమునకు వచ్చిన రాస్ప్‌బెర్రీ పై వెల 35 డాలర్లు. ఫ్యాను లేదు, క్యాబినెట్టు కూడ లేదు. పూర్తి హైడెఫినిషన్ చిత్రమును చూపగల యీ బోర్డు పాత డీవీడీల ఎంపెగ్-2ను విప్పుటకు మాత్రము లైసెన్సును వేరుగ కొనవలసియుండెను. మరుసటి యేట అదే 35 డాలర్లకు గూగుల్ క్రోమ్‌కాస్టు వచ్చి, సూది పట్టెడి యోపిక లేనివారికి టెలివిజనుపై చిత్రము చూచు నక్కరను తీర్చెను. 2015లో విండోస్ 10 మీడియా సెంటరును వదలుకొనెను. కట్టుకొనువారు నేటికిని ఉన్నారు. వారి డిస్కులు హాలు విడిచి వేరుగదిలోని సర్వరులోనికి పోయినవి, 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 ప్రాసెసరునకు నిర్ణయించిన ఉష్ణము 6 వాట్లే. కాని లినక్సుపై నడచు పెట్టెకు పలు చిత్రప్రసార సంస్థలు తమ చిత్రములను పూర్తి స్పష్టతతో పంపవు గనుక, ఇంత శ్రమించి పెట్టెను నిశ్శబ్దము చేసినవారు సైతము టెలివిజను రెండవ హెచ్‌డీఎంఐ రంధ్రములో బజారున కొన్న స్టిక్ నొకదానిని గ్రుచ్చి యుంచుకొనుచున్నారు.