వృద్ధాశ్రమంలో మందుల చీటీ: మన చట్టం చూడని చోటు

వృద్ధుల సంక్షేమంపై ప్రశ్న రాగానే మనం పింఛను, 2007 చట్టం, 2011 జనాభా లెక్కల్లోని 10.38 కోట్ల సంఖ్య రాసి ఆపేస్తాం. ఆ జవాబులో అరుదుగా కనిపించే ప్రశ్న ఒకటుంది: ఆశ్రమంలోని పెద్దలు రోజూ వేసుకునే మందులను తిరిగి పరిశీలించేది ఎవరు?

ముందు సమస్య చూడండి. వయసుతో మూత్రపిండాల పని మందగిస్తుంది, కొన్ని మందులు ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతాయి. బీపీకి ఆమ్లోడిపిన్ వాడితే కొందరికి కాళ్లు వాస్తాయి. దాన్ని కొత్త జబ్బుగా పొరబడితే వాపు తగ్గడానికి ఇంకో మాత్ర చేరుతుంది. చీటీ ఇలాగే పెరుగుతుంది. ఎనిమిది మందులుంటే 28 జతలు. అందులో ఏ జత పడదో గమనించేవారు ఉండాలి కదా!

ఈ ఆలోచన చట్టంగా మారిన తీరు గమనించండి. అమెరికా నర్సింగ్ హోమ్‌లలో పెద్దలను మత్తుమందులతో కదలకుండా ఉంచుతున్నారన్న విమర్శలు వచ్చాయి. 1986లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక, 1987లో సంస్కరణ చట్టం వెలువడ్డాయి. సిబ్బంది సౌలభ్యం కోసం మందులతో కట్టడి చేయరాదని ఆ చట్టం చెప్పింది. 1991లో వైద్యుడు మార్క్ బీర్స్ బృందం నర్సింగ్ హోమ్‌లోని పెద్దలకు తగని మందుల జాబితా ఇచ్చింది. డయాజిపామ్ వంటి, ప్రభావం చాలాసేపు ఉండే మత్తుమందులు అందులో ఉన్నాయి. వాటితో పెద్దలు తూలి పడి ఎముకలు విరగ్గొట్టుకునే ప్రమాదం ఎక్కువ. 1997లో ఆ జాబితాను 65 దాటిన వారందరికీ విస్తరించారు. 2008లో ఐర్లాండ్ నిపుణులు ప్రచురించిన ‘స్టాప్–స్టార్ట్’ ప్రమాణాలు రెండో కోణం చేర్చాయి: అవసరమై ఉండీ రాయని మందు కూడా లోపమే.

ఇక మన దేశం. 1999లో జాతీయ వృద్ధుల విధానం వచ్చింది. 2007 చట్టంలోని సెక్షన్ 19 జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు గురించి చెబుతుంది. అయితే అక్కడి మాట ‘స్థాపించవచ్చు’ అనే, ‘స్థాపించాలి’ అని కాదు. సెక్షన్ 20 ఆసుపత్రి పడకలు, ప్రత్యేక క్యూల గురించి చెబుతుంది. 2010–11లో వృద్ధుల జాతీయ ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. చట్టం పడక ఇచ్చింది, క్యూ ఇచ్చింది. చీటీ పరిశీలన ఊసు మాత్రం ఎత్తలేదు.

ముగింపులో ఇలా రాయండి: ఆశ్రమంలో చేరిన రోజే మందులన్నీ ఒకే జాబితాలోకి రావాలి. వైద్యుడు, ఫార్మసిస్టు దాన్ని నిర్ణీత కాలానికోసారి చూడాలి. ఏ మందు ఆపినా వైద్యుడి సలహాతోనే ఆపాలి, ఎందుకంటే కొన్నింటిని హఠాత్తుగా మానేయడమూ ప్రమాదమే. దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు, బాధ్యత ఎవరిదో నిబంధనల్లో రాస్తే చాలావరకు పని మొదలవుతుంది. 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో గౌరవంగా జీవించడమూ భాగమే. ఆశ్రమంలో ఒక పెద్దాయన రోజంతా మగతగా పడి ఉంటే అది వయసు వల్లా, మాత్ర వల్లా అని అడిగే మనిషి ఉండటమే ఆ గౌరవం.