తార్నాకలోని ఆ సంస్థకూ మన మక్కలకూ సామలకూ ఉన్న సంబంధం

పోస్టు పెద్దగైంది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మా హాస్టల్ నుంచి కాలేజీకి పోయే బస్సు తార్నాక మీదుగా పోతది. అక్కడ చెట్ల మధ్య పెద్ద కాంపౌండు ఉంటది, జాతీయ పోషకాహార సంస్థ. ఎన్ఐఎన్ అని అంటారు. రెండేండ్లు ఆ గేటు ముందునుంచే పోయిన, లోపల ఏం చేస్తరో ఎన్నడూ అడగలే. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేనే. పరిశోధన సంస్థ అంటే మనకు సంబంధం లేని చోటు అనే అనుకునేది.

పోయిన సెమిస్టర్లో మా సారు నాకు సెమినార్ టాపిక్ ఇచ్చిండు: తిండి గింజల మీద పెరిగే బూజు, దాంట్లో ఉండే విషం. సీనియర్ అక్క ఒక పాత పేపరు పంపింది. 1975లో లాన్సెట్ అనే ఇంగ్లండు వైద్య పత్రికలో వచ్చింది. చచ్చిపోయినవాళ్ళు రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లోని ఆదివాసులు, ఎక్కువగా భిల్లులు. రాసినవాళ్ళు తార్నాక వాళ్ళు. నేను రోజూ చూసే గేటు లోపలి వాళ్ళు. అప్పటి నుంచి ఈ సంస్థ చరిత్ర వెతుక్కుంటూ పోయిన. వెతికినకొద్దీ తెలిసిందేమంటే, అక్కడ పేరు తెచ్చుకున్న పరిశోధనల్లో చాలావరకు పేదోళ్ళ కంచంలోంచే మొదలైనయి. కొన్ని సూటిగా మనోళ్ళ కంచంలోంచి.

సంస్థ పుట్టింది హైదరాబాద్‌లో కాదు. 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక్క గదిలో మొదలైంది. మొదలుపెట్టింది రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు. అప్పటి పేరు బెరిబెరి ఎంక్వైరీ. బెరిబెరి అంటే కాళ్ళు తిమ్మిరెక్కి, నీరు పట్టి, ఆఖరికి గుండె ఆగిపోయే జబ్బు. ఆ రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ జబ్బు బాగా ఉన్న చోటు ఉత్తర సర్కారు జిల్లాలు, అంటే మన తెలుగు కోస్తానే. మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం తినేవాళ్ళకు వచ్చేది. ఉప్పుడు బియ్యం తినేవాళ్ళకు రాకపోయేది. వడ్లను ఉడకబెట్టినప్పుడు తవుడులోని బి1 విటమిన్ గింజ లోపలికి దిగుతది, తర్వాత పాలిష్ పట్టినా మొత్తం పోదు. కూలి జనం అనుభవంతో ఉప్పుడు బియ్యం తింటుంటే, అందులో ఉన్న సంగతి తేల్చడానికి ల్యాబుకు కొన్నేండ్లు పట్టింది.

మెక్‌కారిసన్ ఎలుకలకు మన దేశంలోని వేరువేరు ప్రాంతాల భోజనం పెట్టి ఎట్లా పెరుగుతయో కూడా చూసిండు. రొట్టె, పాలు, పప్పు, కూరలు తిన్న ఎలుకలు బలంగా పెరిగినయి. తెల్ల బియ్యం మీద బతికినవి చిక్కిపోయినయి. 1928 నాటికి ఆ గది న్యూట్రిషన్ రీసెర్చ్ లేబొరేటరీస్ అయింది. తర్వాత ఐక్రాయిడ్ డైరెక్టర్‌గా వచ్చి మన దేశపు తిండి పదార్థాల్లో ఏ పోషకం ఎంత ఉందో పట్టికలు తయారు చేయించిండు. 1958లో ల్యాబు హైదరాబాద్‌కు వచ్చింది. ఇప్పుడున్న పేరు 1969లో పెట్టారు.

ఇక్కడి నుంచి కథ మా ఇంటి దగ్గరికి వస్తది. మాది ఆదిలాబాద్ వైపు. మా అవ్వ వండే జొన్న గట్క తిని పెరిగినోణ్ణి. హైదరాబాద్‌కు వచ్చిన ఆ ల్యాబు డాక్టర్లు దక్కన్‌లో జొన్న తినే పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బును చూశారు. ఎండ తగిలే చోట, చేతుల మీద, పాదాల మీద, మెడ చుట్టూ హారం వేసినట్టు చర్మం నల్లబడి పొలుసులు లేస్తది. విరేచనాలు పట్టుకుంటయి. ముదిరితే మతి చలిస్తది. అప్పటిదాకా ప్రపంచమంతా ఇది మక్కలు మాత్రమే తినేవాళ్ళ జబ్బు అనుకున్నది. నియాసిన్ అనే విటమిన్ తక్కువైతే వస్తదని తెలుసు. కానీ జొన్నలో నియాసిన్ మరీ తక్కువేం లేదు కదా, మరెందుకు వస్తున్నది?

దీని వెంటపడ్డవాళ్ళు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య. జొన్నలో, మక్కలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, అది శరీరం నియాసిన్‌ను వాడుకోకుండా అడ్డుపడుతున్నదని 1960లో రాశారు. తర్వాత వచ్చిన శాస్త్రవేత్తలు అందరూ దీన్ని ఒప్పుకోలేదు, చాలా వాదన నడిచింది. ఆ వాదన మొత్తం నాకు అర్థమైందని చెప్పను. నాకు ముఖ్యమనిపించింది వేరే. జొన్నతో పాటు పప్పు, పాలు, మాంసం దొరికిన ఇండ్లలో పెల్లాగ్రా లేదు. మూడు పూటలా జొన్న ఒక్కటే దిక్కైన ఇంటికి వచ్చింది. ఇప్పుడు అదే జొన్నను మిల్లెట్ అని పేరు పెట్టి మా హాస్టల్ పక్క సూపర్ మార్కెట్‌లో ప్యాకెట్లలో అమ్ముతున్నరు, ధర చూసి మా అవ్వ నవ్వుతది.

గోపాలన్ 1918లోనే పుట్టిండు, సంస్థ పుట్టిన ఏడాదే. వందేండ్లు బతికి 2019లో పోయిండు. పిల్లలకు తిండి చాలక వచ్చే జబ్బుల మీద ఆయన చేసిన పని పెద్దది. ఆయన డైరెక్టర్‌గా ఉన్న కాలంలోనే, విటమిన్ ఎ లేక పిల్లలకు రేచీకటి వచ్చి కండ్లు పోతుంటే, ఆరు నెలలకోసారి ఒక పెద్ద మోతాదు నోట్లో పోస్తే చాలని, అది కాలేయంలో నిలువ ఉండి మెల్లగా వాడుకలోకి వస్తదని ఈ సంస్థ వాళ్ళు చూపించారు. 1970లో అది దేశమంతటి కార్యక్రమం అయింది. మనకు చిన్నప్పుడు అంగన్‌వాడీ దగ్గర చెంచాతో పోసిన ఆ పసుపు మందు అదే. రుచి నాకు ఇంకా యాదికున్నది.

ఇప్పుడు అసలు సంగతి. 1974 అక్టోబరు. రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్, వాటి పక్క ఊర్లు. 200కు పైగా పల్లెల్లో జనానికి కామెర్లు రావడం మొదలైంది. కండ్లు పచ్చబడినయి, కడుపులో నీళ్ళు చేరినయి, కొంతమంది రోజుల్లోనే చనిపోయారు. మామూలుగా చూస్తే నీళ్ళ ద్వారా వచ్చే అంటు కామెర్లే అనుకుంటరు. హైదరాబాద్ నుంచి కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, రమేశ్ భట్, నాగరాజన్, తిలక్ కలిసి దీని మీద పని చేశారు.

వాళ్ళు పట్టుకున్న ఆధారాలు చూడండి. జబ్బు పల్లెల్లోనే ఉంది. ఒక ఇంట్లో వస్తే ఆ ఇంట్లో చాలామందికి వస్తున్నది. ఆడవాళ్ళ కంటే మగవాళ్ళకు ఎక్కువ. అన్నిటికంటే పెద్ద ఆధారం కుక్కలు. ఆ ఇండ్లలో మిగిలిన తిండి తిన్న కుక్కలకు కూడా కడుపు ఉబ్బి, కామెర్లు వచ్చి చచ్చిపోయినయి. మనుషుల అంటు కామెర్లు కుక్కకు రావు. అంటే కుక్కా మనిషీ కలిసి తిన్నదేదో ఉండాలె.

అది మక్క. ఆ ఏడు కోతకు ముందు అకాల వాన పడ్డది. తడిసిన మక్కను ఇండ్లలో నిలువ చేసుకున్నరు. దాని మీద ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పట్టింది. ఆ బూజు తయారు చేసే విషమే అఫ్లటాక్సిన్, కార్జాన్ని తినేస్తది. జబ్బు పడిన ఇండ్లలోంచి తెచ్చిన మక్కను పరీక్ష చేస్తే కిలోకు 6 నుంచి 15 మిల్లీగ్రాముల దాకా విషం కనిపించింది. ఇవాళ మన దేశంలో తిండి గింజలకు పెట్టిన హద్దు కిలోకు 15 మైక్రోగ్రాములు. తక్కువలో తక్కువ తీసుకున్నా 400 రెట్లు. ఆ పేపరు లెక్క ప్రకారం జబ్బుపడ్డది 397 మంది. చనిపోయింది 106 మంది.

తర్వాత వచ్చిన పుస్తకాల్లో, వ్యాసాల్లో ఈ ఘటనకు కారణాలు రాసేటప్పుడు అకాల వాన, కరువు, సరైన గాదెలు లేకపోవడంతో పాటు జనానికి అవగాహన లేకపోవడం అని కూడా రాస్తారు. ఇక్కడ నాకు పేచీ ఉన్నది. అసలు అఫ్లటాక్సిన్ అనేది సైన్సుకే ఎప్పుడు తెలిసింది? 1960లో ఇంగ్లండులో లక్ష దాకా టర్కీ కోళ్ళు చచ్చిపోతే, వాటికి పెట్టిన పల్లి చెక్కలో వెతికితే దొరికింది. అంటే భిల్లు పల్లెల్లో చావులకు 14 ఏండ్ల ముందు మాత్రమే. దీనితో మనుషులు ఇట్లా ఊర్లకు ఊర్లు పడిపోతరని డాక్టర్లకే అప్పటికి సరిగ్గా తెలియదు. పల్లె మనిషికి తెలియలేదని ఎట్లా అంటం? బూజు గింజ మంచిది కాదని ఏ అవ్వకు తెల్వదు! కరువు మీద కరువు వచ్చిన ఏడు, గాదెలో ఉన్నది ఆ మక్క ఒక్కటే అయితే ఏం తినాలె?

ఇది సెమినార్లో చెప్పిన. ఒక క్లాస్‌మేట్ లేచి, పారేసి రేషన్ బియ్యం తినొచ్చు కదా అన్నడు. నాకు వెంటనే జవాబు రాలే. తర్వాత రాత్రంతా జవాబులు వచ్చినయి.

దాదాపు అదే కాలంలో ఇంకొకటి జరిగింది. అప్పటి మధ్యప్రదేశ్, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని సర్గుజా జిల్లా. అదీ ఆదివాసీ ప్రాంతమే. అక్కడ కడుపులో నీళ్ళు చేరి జనం చనిపోయారు. ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు పోయి చూసి, కాలేయంలోని సన్న రక్తనాళాలు మూసుకుపోతున్నయని 1976లో రాశారు. తార్నాక బృందం కూడా పోయింది. అక్కడి వాళ్ళ తిండి గోండ్లీ, అంటే మన సామలు. ఆ చేన్లలో జనుము జాతి కలుపు మొక్క ఒకటి కలిసి పెరుగుతది. కాయ ఎండితే లోపల గింజలు గలగల మోగుతయి, అందుకే దాన్ని అక్కడ ఝున్‌ఝునియా అంటరు. ఆ గింజ సామలతో పాటే కోతకు వచ్చి, కల్లంలో కలిసి, కుండలోకి పోయింది. దానిలోని విషం కార్జాన్ని దెబ్బ తీసింది. మా తాత కాలంలో పోడు మీద సామలు చల్లేవాళ్ళట. అవ్వ ఇప్పటికీ సామలు చేటలో పోసి చెరిగి, ఒక్కో గింజ ఏరుతది. చిన్నప్పుడు అది చాదస్తం అనుకునేటోణ్ణి.

మిగతావి చాలా ఉన్నయి, అన్నీ రాస్తే రాత్రి అయితది. నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ళతో పిల్లల మోకాళ్ళు లోపలికి వంగిపోవడం గురించి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో రాశారు. కేసరి పప్పు తిని కాళ్ళు పడిపోయే జబ్బు మీద పని జరిగింది. బి విటమిన్ల మీద మెహతాబ్ బామ్జీ, పిల్లల జబ్బుల మీద వినోదినీ రెడ్డి పని చేశారు. 1972 నుంచి రాష్ట్రాల్లో ఇంటింటికీ తిరిగి ఎవరేం తింటున్నరో తూకం వేసి లెక్క రాసే విభాగం ఒకటి నడిచింది, ఆదివాసీ ప్రాంతాలకూ వచ్చింది.

ఇంత చదివాక నా మనసులో ఒకటి తిరుగుతున్నది. నేను ఫస్టియర్లో ఉన్నప్పుడు మా హాస్టల్‌కు ఒక బృందం వచ్చింది. ఎవరు, ఎక్కడి నుంచి అన్నది రాయను. ఎత్తు, బరువు తీసుకున్నరు, సికిల్ సెల్ కోసమని అందరి రక్తం తీసుకున్నరు. రిపోర్టులు వస్తయన్నరు. రాలే. ఎనిమిది నెలల తర్వాత మా రూమ్ తమ్ముడు ఒకడు కీళ్ళ నొప్పులతో పడిపోతే, దవాఖానల మళ్ళీ పరీక్ష చేస్తే సికిల్ సెల్ అని తేలింది. వాని రక్తం అంతకుముందే ఎవరి దగ్గరనో ఉంది. వాని సంగతి ఏదో పట్టికలో ఒక అంకె అయి ఉంటది. వానికి మాత్రం తెలియలే.

అందుకే 1975 పేపరు చదివినప్పుడు మొదట కోపం వచ్చింది, 397 మందిలో ఒక్క పేరూ లేదు కదా అని. రోగుల పేర్లు రాయకపోవడం పద్ధతేనని అక్క చెప్పింది, ఒప్పుకున్న. కానీ ఇంకో సంగతి కూడా దొరికింది. భట్, కృష్ణమాచారి తర్వాత మళ్ళీ ఆ ఊర్లకు పోయారు. బతికి బయటపడ్డవాళ్ళు ఎట్లా ఉన్నరో చూశారు. ఎక్కువ మంది కోలుకున్నరని 1977లో రాశారు. తిరిగి పోవడం అనేది చిన్న పనిలాగ కనిపిస్తది. మా తమ్ముణ్ణి చూసినంక నాకు అట్లా అనిపించట్లేదు.

దసరా సెలవుల్లో ఇంటికి పోతే వాన వదల్లే. వాకిట్ల ఆరబోసిన మక్క కంకులు రెండుసార్లు తడిసినయి. అవ్వకు ఈ కథంతా చెప్పిన. బాన్స్‌వాడా అంటే ఆమెకు తెల్వదు, కుక్కల ముచ్చట వచ్చినప్పుడు మాత్రం పని ఆపి విన్నది. తర్వాత కంకులన్నీ పొయ్యి మీది అటుక మీదికి ఎక్కించింది, పొగ తగలాలె అని. పచ్చ బూజు పట్టినవి వేరే కుప్ప పోసింది. "కోళ్ళకు వేద్దామా?" అన్న. "కుక్క ముచ్చట ఇప్పుడే చెప్పినవు కదరా" అన్నది.

మీ ఊర్లలో పోయినేడు మక్కలు, పల్లీలు తడిసినయా? ఏం చేశారు? ఇంకోటి, కాయ ఎండితే గలగల మోగే ఆ జనుము జాతి కలుపు మొక్కను గోండిలో, కొలామిలో, కోయలో, కువిలో, సవరలో ఏమంటరో తెలిసినవాళ్ళు కింద రాయండి. ఫోటో ఉంటే పెట్టండి. మా ఊర్ల ఇద్దరు పెద్దమనుషులను అడిగితే రెండు వేరే మొక్కలు చూపెట్టిండ్రు.