ప్లీహంలో పుట్టే లింఫోమా

ప్లీహంలోని బి లింఫోసైట్లలో మొదలై నిదానంగా ముదిరే అరుదైన క్యాన్సర్. ముఖ్యమైనది మార్జినల్ జోన్ రకం. ఎడమ డొక్కలో బరువు, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, రక్తహీనత దీని లక్షణాలు. మలేరియాలోనూ, కాలేయ జబ్బుల్లోనూ ప్లీహం ఉబ్బుతుంది కాబట్టి తడిమి చూసి తేల్చలేం. మైక్రోస్కోపు కింద కొన్ని లింఫోసైట్ల అంచున, ఒకటి రెండు వైపులే, పొట్టి నూగు కనిపిస్తుంది. ఫ్లో సైటోమెట్రీ, ఎముక మజ్జ పరీక్షలతో సాధారణంగా నిర్ధారణ అవుతుంది. బాధలేవీ లేకపోతే మందు మొదలుపెట్టకుండా గమనిస్తూ ఉండటమే సరైన వైద్యం, రోగికి అది మింగుడుపడకపోయినా. అవసరమైతే రిటుక్సిమాబ్ ఇస్తారు. ప్లీహం తీసేయాల్సి వస్తే కనీసం 2 వారాల ముందే న్యుమోకాకస్ వంటి టీకాలు వేస్తారు. హెపటైటిస్ సి ఉన్నవారికి ముందు వైరస్‌కే చికిత్స: 2002లో ఫ్రాన్స్ వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో ఇంటర్‌ఫెరాన్‌తో 9 మందిలో ఏడుగురికి లింఫోమా పూర్తిగా తగ్గింది.