మారుపేరు, మళ్ళింపు: ఈమెయిలు విలాస చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఉత్తరాలు సాహిత్యచరిత్రకు ప్రాథమిక ఆధారాలు. కాగితపు ఉత్తరం పోయి ఈమెయిలు వచ్చిన తరువాత ఆ ఆధారాలు నిలుస్తాయా, నశిస్తాయా అన్నది చాలావరకు విలాసం ఎవరి పేరున ఉందన్నదానిపై ఆధారపడి ఉంటుంది. ఈమెయిలు విలాసం దారి నుంచి చోటుకు, చోటు నుంచి పేరుకు పరిణమించిన క్రమాన్ని, అందులో అలియాస్ (మారుపేరు), ఫార్వర్డింగ్ (మళ్ళింపు) అనే రెండు ఏర్పాట్ల పాత్రను, అక్షరాల మెనూల కాలంలో తెలుగువారి అనుభవాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: విలాసం, తపాలా, అలియాస్, మళ్ళింపు, మెనూ, ఈమెయిలు, తెలుగు శాఖ, లేఖాసాహిత్యం.

1. ఉపోద్ఘాతం:

2022 ఏప్రిల్ 4న చోడవరం విశాఖపట్నం జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. ఊరు అంగుళమైనా కదలలేదు. విలాసంలో ఒక పంక్తి మాత్రం మారింది. పాత జిల్లా పేరు రాసినా ఉత్తరం దారితప్పదు. 1972 ఆగస్టు 15న దేశంలో ప్రవేశపెట్టిన పిన్‌కోడు అందుకు భరోసా. జిల్లా మారినా 531036 మారలేదు. మారే వాటికీ మారని వాటికీ మధ్య ఒక స్థిరమైన గుర్తును నిలపడమే విలాస వ్యవస్థల అసలు పని. ఈమెయిలులో ఆ పనిని మారుపేరు, మళ్ళింపు చేస్తాయి.

2. దారి, చోటు, పేరు:

పల్లెటూరి ఉత్తరాల మీద ‘వయా’ అని రాయడం మన పెద్దలకు అలవాటు. ఉత్తరం ఏ ఊరి మీదుగా వెళ్ళాలో పంపేవారే చెప్పాలి. తొలినాటి ఈమెయిలు పద్ధతుల్లో ఒకటైన యూయూసీపీలో విలాసమంతా ఇలాంటి ‘వయా’లతోనే నిండి ఉండేది. ఒక యంత్రం పేరు, ఆశ్చర్యార్థకం, తరువాతి యంత్రం పేరు, మళ్ళీ ఆశ్చర్యార్థకం, చివర మనిషి పేరు. నడుమ ఒక యంత్రం మూలపడితే ఆ విలాసం పనికిరాదు.

మనదేశంలో 1986లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో ఎలక్ట్రానిక్స్ శాఖ ప్రారంభించిన ఎర్నెట్ ఈ దశలోనే పుట్టింది. బొంబాయిలోని నేషనల్ సెంటర్ ఫర్ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, అయిదు ఐఐటీలు, ఎలక్ట్రానిక్స్ శాఖ – ఈ ఎనిమిదీ తొలి భాగస్వాములు. తెలుగునేల మీద ఒక్కటీ లేదు. మనకు దగ్గరిది మద్రాసు ఐఐటీ.

1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించిన డొమైన్ పేర్ల వ్యవస్థతో దారి చెప్పే భారం పంపేవారి మీదనుంచి తొలగింది. చోటు చెబితే చాలు, దారిని యంత్రాలే వెతుక్కుంటాయి. 1989లో భారతదేశానికి ‘.ఇన్’ దక్కింది. అయినా మనిషి ఒక యంత్రానికి కట్టుబడే ఉన్నాడు. ఉద్యోగం మారితే విలాసమూ మారేది.

3. మారుపేర్ల పట్టిక:

‘అలియాస్’ మనకు కోర్టు నోటీసుల ద్వారా, నేరవార్తల ద్వారా పరిచయమైన మాట. కంప్యూటరులో దానికి నేరవాసన లేదు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్‌మన్ 1979లో ‘డెలివర్‌మెయిల్’ అనే ప్రోగ్రామును, దానికి కొనసాగింపుగా ‘సెండ్‌మెయిల్’‌ను రాశారు. 1983లో బర్క్‌లీ యూనిక్స్‌తో పాటు సెండ్‌మెయిల్ విడుదలైంది. అందులోని అలియాసుల దస్త్రం నిజానికి ఒక సాదా పట్టిక. ఎడమవైపు ఒక పేరు, తరువాత రెండు చుక్కలు, కుడివైపు ఆ పేరుకు వచ్చే ఉత్తరాలు చేరవలసిన విలాసాలు. కుడివైపు ఒకరుండవచ్చు, పదిమందీ ఉండవచ్చు. పట్టికను సవరించిన తరువాత ‘న్యూఅలియాసెస్’ అనే ఆజ్ఞ ఇస్తేనే మార్పు అమలులోకి వస్తుంది.

ఇది నిర్వాహకుని చేతిలోని పట్టిక. సాధారణ వినియోగదారు చేతిలోనూ ఒక చిన్న సాధనం ఉండేది. తన ఖాతాలో ‘.ఫార్వర్డ్’ అనే దస్త్రం పెట్టి అందులో కొత్త విలాసం రాస్తే ఉత్తరాలన్నీ అటు వెళతాయి. తన పేరుకు ముందు వెనువాలు గీత పెట్టి దానినీ చేర్చితే ఒక ప్రతి ఇక్కడ కూడా నిలుస్తుంది. ఆ ఒక్క గీత మరచినవారికి ఇంటిలో ప్రతి మిగిలేది కాదు. ఇద్దరు ఒకరి ఉత్తరాలను మరొకరికి మళ్ళించుకుంటే ఉత్తరం ఇద్దరి మధ్యా తిరుగుతూనే ఉంటుంది. అందుకే సెండ్‌మెయిల్ ఉత్తరం దాటిన మజిలీలను లెక్కపెట్టి, పరిమితి దాటగానే పంపినవారికి తిప్పికొడుతుంది.

ఒక అక్షరం తప్పినా పట్టిక చెడిపోతుంది కనుక, నిర్వాహకులు దాని ముందు అక్షరాల మెనూను నిలిపారు. నల్లని తెర మీద అంకెల వరుస: మారుపేరు చేర్చు, తొలగించు, మళ్ళించు, బయటికి వెళ్ళు. అంకె నొక్కి, అడిగిన పేరు టైపు చేస్తే పట్టికను ప్రోగ్రామే సవరిస్తుంది. యూనిక్స్ రాని గుమాస్తా సైతం ఆ పని చేయగలిగాడు.

ఈ పట్టికలో తప్పక ఉండవలసిన పేరొకటి ఉంది – ‘పోస్ట్‌మాస్టర్’. 1982 నాటి ఈమెయిలు ప్రమాణం ప్రతి డొమైనులోనూ ఆ విలాసం పనిచేయాలని నిర్దేశించింది. ఆ కుర్చీలో ఎవరున్నారన్నది బయటివారికి అక్కరలేదు. తపాలా కార్యాలయపు మర్యాద ఈమెయిలులోకి అలాగే వచ్చింది.

4. మెనూ ముందు తెలుగు చందాదారు:

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ ప్రజలకు ఇంటర్నెట్ సేవ ప్రారంభించింది. తొలినాడు బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరాలకే ఆ భాగ్యం. తక్కువ ధర ఖాతా ‘షెల్’ ఖాతా. బొమ్మలుండవు, మౌస్ ఉండదు. మోడెం మోగి, పేరూ సంకేతపదమూ ఇచ్చాక అక్షరాల మెనూ వచ్చేది. జాలానికి ‘లింక్స్’, ఉత్తరాలకు ‘పైన్’.

1989లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మొదలైన పైన్‌లో ఒక్కో పనికి ఒక్కో అక్షరం. ‘సి’ నొక్కితే కొత్త ఉత్తరం, ‘ఎ’ నొక్కితే విలాసాల పుస్తకం. ఆ పుస్తకంలో పొడుగు విలాసానికి ముద్దుపేరు పెట్టుకోవచ్చు. అది చందాదారు సొంత మారుపేర్ల పట్టిక. మళ్ళింపుకు రెండు అక్షరాలున్నాయి. ‘ఎఫ్’ నొక్కితే ఉత్తరం మన పేరున, మన కవరులో పెట్టినట్టు వెళుతుంది. ‘బి’ నొక్కితే అసలు రచయిత పేరుతోనే, తపాలా బంట్రోతు పాత విలాసం కొట్టివేసి కొత్తది రాసినట్టు వెళుతుంది. ఉత్తరాన్ని ఉదాహరించే పరిశోధకునికి ఈ భేదం కీలకమైనది. మొదటిదానిలో మధ్యవర్తి చెయ్యి పడింది; రెండవదానిలో పడలేదు.

విలాసంలో ఇంకా ఊరు ఉండేది. మద్రాసు చందాదారు విలాసంలో ‘గియాస్ ఎమ్‌డి 01’, తరువాత హైదరాబాదు చందాదారు విలాసంలో ‘హెచ్‌డి 1’ కనిపించేవి. ఊరు మారిన మనిషికి ఊరున్న విలాసం భారమే. 1996లో సబీర్ భాటియా, జాక్ స్మిత్ ప్రారంభించిన హాట్‌మెయిల్ వంటి సేవలతో ఆ బంధం తెగింది. విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ 2002లో టాటాల యాజమాన్యంలోకి వెళ్ళింది. 2008లో పేరు మార్చుకుంది. పాత పుస్తకాల ముందుమాటల కింద అచ్చయిన ఆనాటి విలాసాలు నేడు చరిత్రకు గుర్తులు మాత్రమే.

5. శాఖ విలాసం, సాహిత్యచరిత్ర:

ఒకే పేరు వెనుక ఇద్దరుండడం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. భాగవతుల నరసింగరావు, ఆయన సతీమణి బాల త్రిపురసుందరమ్మ ‘బీనాదేవి’ అనే ఒకే కలంపేరున రచనలు చేశారు. ఆయన మరణానంతరం ఆమె అదే పేరుతో రాశారు. మనిషి వెళ్ళినా పేరు పని చేసింది. మారుపేరు శక్తి ఇదే.

మన విద్యాసంస్థల్లో జరిగేది దీనికి విరుద్ధం. నేను పనిచేసిన ఒక కళాశాలలో తెలుగు శాఖ విలాసంగా అధ్యక్షుల సొంత ఈమెయిలునే అచ్చువేసేవారు. వారు పదవీవిరమణ చేశాక ఒక సదస్సు ఆహ్వానం ఆ పెట్టెలోనే పడి ఉండిపోయింది. గడువు తీరాక మాకు తెలిసింది. ఒక సదస్సు తప్పిపోవడం చిన్న నష్టం. రచయితలతో శాఖ జరిపిన పదేళ్ళ ఉత్తరప్రత్యుత్తరాలు ఒక వ్యక్తి సంకేతపదం వెనుక చిక్కుకుపోవడం పెద్ద నష్టం. కాగితపు ఉత్తరమైతే బీరువాలో దొరికేది.

పరిష్కారం కొత్తది కాదు. 1997లోనే ఇంటర్నెట్ ప్రమాణాల సంఘం పదవులకు, పనులకు తగిన సాధారణ పేర్లను సూచించింది. శాఖ పేరున మారుపేరు ఉంచి, అధ్యక్షులు మారినప్పుడల్లా కుడివైపు పేరు మార్చితే సరిపోతుంది. అయితే మళ్ళింపును మాత్రమే నమ్ముకోరాదు. ఉత్తరం పంపే యంత్రానికి ఆ డొమైను అనుమతి ఉందో లేదో చూసే ఎస్‌పీఎఫ్ అనే తనిఖీ 2006లో ప్రయోగాత్మకంగా, 2014లో ప్రమాణంగా రూపుదిద్దుకుంది. బయటి సేవకు మళ్ళించిన ఉత్తరం నడిమి యంత్రం నుంచి వస్తుంది కనుక, తనిఖీలో నకిలీగా కనిపించి తిరస్కరణకు గురికావచ్చు. కాబట్టి ఒక ప్రతి సంస్థ పెట్టెలోనే నిలవాలి. వెనువాలు గీత నేర్పిన పాఠం నేటికీ వర్తిస్తుంది.

6. తెలుగు లిపిలో విలాసం:

మెనూల కాలంలో తెర మీద తెలుగక్షరం లేదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఆంగ్లాక్షరాలతో తెలుగు రాసుకున్నారు. 2012లో వెలువడిన ప్రమాణాలతో విలాసాన్నే తెలుగు లిపిలో రాసే వీలు కలిగింది, ‘.భారత్’ డొమైను తెలుగులోనూ ఉంది. కాని అవతలి యంత్రం కొత్త ప్రమాణం ఎరుగనిదైతే తెలుగు విలాసానికి ఉత్తరం చేరదు. అందుకని తెలుగు విలాసానికి జతగా ఆంగ్లాక్షరాల మారుపేరును కూడా ఉంచుకోవడం మేలు. 1979 నాటి పట్టికయే నేడు తెలుగు పేరుకు ఊతకర్ర అవుతోంది.

7. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. ఈమెయిలు విలాసం దారి, చోటు, పేరు అనే మూడు దశల్లో పరిణమించింది. మొదటి దశకు మన తపాలాలోని ‘వయా’ దగ్గరి పోలిక.

2. మారుపేరు పదవిని వ్యక్తి నుంచి వేరుచేస్తుంది. మళ్ళింపు వ్యక్తిని చోటు నుంచి వేరుచేస్తుంది. రెండింటి ప్రయోజనాలు వేరు.

3. అసలు పేరుతో మళ్ళించిన ఉత్తరానికీ, మధ్యవర్తి పేరున పంపిన ఉత్తరానికీ ఆధారవిలువలో భేదముంది. పరిశోధకులు దానిని గుర్తించాలి.

4. తెలుగు శాఖలు, సాహిత్యసంస్థలు తమ పేరున స్థిరవిలాసం, తమ పెట్టెలో ఒక ప్రతి ఉంచుకోకపోతే ఈ తరం లేఖాసాహిత్యం రేపటి పరిశోధకునికి అందదు.

చోడవరానికి జిల్లా మారినా ఉత్తరం చేరుతున్నది, మారని గుర్తు ఒకటి ఉన్నందువల్ల. మన శాఖలకూ అలాంటి గుర్తు ఒకటి ఏర్పరచుకోవడానికి కావలసింది పట్టికలో ఒక్క పంక్తి.