పాట మీద ఎవరి పేరు

పాత తెలుగు పాటలు కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో పోగు చేసుకున్నవాళ్లకు ఒక ఫిర్యాదు తప్పకుండా ఉంటుంది. ఫైలు మీద సినిమా పేరుంటుంది, పాడినవారి పేరుంటుంది, రాసినవారి పేరు మాత్రం ఉండదు. ఆ నేరం సాంకేతికత మీదికి నెట్టడం తేలిక. 1996లో ఎరిక్ కెంప్ అనే ప్రోగ్రామర్ ఎంపీ3 ఫైలు చివర తగిలించిన ఐడీ3 ట్యాగు మొత్తం కలిపి 128 బైట్లు. ఇది ట్యాగు అని చెప్పుకోవడానికే మూడు పోయాయి. పాట పేరుకు 30, ఆర్టిస్టుకు 30, ఆల్బమ్‌కు 30, సంవత్సరానికి 4, వ్యాఖ్యకు 30, సంగీతం ఏ కోవదో చెప్పే అంకెకు 1. రచయితకు గడి లేదు, సంగీత దర్శకుడికీ లేదు. ఇదంతా నిజమే. కానీ దీన్నిబట్టి రచయిత పేరును మింగేసింది ఆ 128 బైట్లే అనుకుంటే మాత్రం పొరపాటు. పాటలకు చీటీలు కట్టడం మనకు కొన్ని వందల ఏళ్ల అలవాటు. ఏ కాలంలో చూసినా, చీటీ రాసినవాడికి పాటతో ఏం పని పడిందో ఆ పనికి కావలసిన పేరే దాని మీద నిలిచింది. అక్కర్లేని పేరు, చోటు ఉన్నా లేకున్నా, జారిపోయింది.

తిరుమల సంకీర్తనా భాండాగారం నుంచి మొదలుపెట్టవచ్చు. అన్నమాచార్యుల పాటలను ఆయన వంశం వారు రాగిరేకుల మీద చెక్కించి గుడిలోనే ఒక అరలో భద్రపరిచారు. అధ్యాత్మం, శృంగారం అని రెండు తరగతులుగా విడదీశారు. ఈ సంకీర్తనలు ఎవరివి, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా చెప్పినవి అనే వివరం రేకుల మీదే ఉంది. క్రోధి సంవత్సరం మొదలు దుందుభి దాకా, అంటే 1424 నుంచి 1503 వరకు. ప్రతి కీర్తన నెత్తిన రాగం పేరు చెక్కారు. స్వరాలు చెక్కలేదు, తాళం చెప్పలేదు. అప్పటి గాయకులకు రాగం పేరు అందిస్తే చాలు, మిగతాదంతా వాళ్ల నోట ఉండి ఉంటుంది. ఆ పాడే వరస తెగిపోయాక అదే చీటీ చాలకుండా పోయింది. 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు ఆ పాటలకు మళ్లీ కొత్తగా బాణీలు కట్టాల్సి వచ్చింది. రేకుల లెక్క మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. ఈనాటి అచ్చు సంపుటాల్లోనూ సంకీర్తనకు రేకు సంఖ్య వేస్తారు. ఇక కర్త పేరంటారా, దానికి వేరే చీటీ అక్కర్లేదు. పాటలోనే ముద్ర ఉంది. అన్నమయ్య పాటలో వేంకటేశుడు, క్షేత్రయ్య పదంలో మువ్వగోపాలుడు, త్యాగరాజ కృతిలో ఆయన సొంత పేరు. ఆకు చిరిగినా, రేకు కరిగినా, చివరి చరణం గుర్తున్నంతవరకు కర్త పేరు పోదు.

1904లో సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురంలో తెలుగులో అచ్చువేయించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ది ఇంకో రకం పద్ధతి. వందల కృతులను కర్తల వారీగానో దేవుళ్ల వారీగానో పెట్టకుండా 72 మేళాల, అంటే జనక రాగాల, వరసలో పేర్చారు. ఆ మేళాల పేర్లు చూడండి. అక్షరాలకు అంకెలు కట్టే కటపయాది లెక్కలో ధీరశంకరాభరణానికి ‘ధ’ తొమ్మిది, ‘ర’ రెండు. తిరగేస్తే 29వ మేళం. మాయామాళవగౌళకు ‘మ’ అయిదు, ‘య’ ఒకటి. తిరగేస్తే 15. పేరు పలికితే చాలు, ఏ బీరువాలో ఏ అరో తెలిసిపోతుంది. ఇంత పొదుపైన వర్గీకరణ ఇప్పటి ఏ ట్యాగుల పట్టికలోనూ లేదనే నా అభిప్రాయం. అయితే ఇది నేర్చుకునేవాళ్ల కోసం, నేర్పేవాళ్ల కోసం చేసిన ఏర్పాటు. ఫలానా కృతి ఎవరి గొంతులో బాగుంటుందన్న ప్రశ్నకు ఇందులో చోటు లేదు, ఉండాల్సిన పనీ లేదు.

గ్రామఫోన్‌తో చీటీ రాసే చెయ్యి మారింది. 1902 నవంబర్‌లో గ్రామఫోన్ కంపెనీ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గాయని గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. పాట ముగిశాక ఆమె తన పేరు ఇంగ్లీషులో తానే చెప్పుకుంది. ఆ రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. అక్కడి పనివాళ్లకు ఏ ప్లేటు ఎవరిదో తెలియడానికే ఈ ఏర్పాటు అంటారు. ముద్రలాగే ఇదీ పాటను అంటిపెట్టుకున్న సంతకమే. కాకపోతే కట్టినవారి సంతకం పోయి పాడినవారిది వచ్చింది. సరుకు అమ్ముడయ్యేది గొంతును బట్టి కనుక. అయినా గాయనికి ఆ చోటు శాశ్వతమేమీ కాలేదు. 1949లో వచ్చిన హిందీ చిత్రం ‘మహల్’లోని ప్రసిద్ధమైన పాట రికార్డు మీద మొదట లతా మంగేష్కర్ పేరు లేదు, కామిని అని ఉంది. కామిని అనేది ఆ సినిమాలో పాత్ర. లేబుల్ మీద చోటు చాలక కాదు, లత పేరుతో అప్పటికి కంపెనీకి పని పడలేదు.

తెలుగు సినిమా పాటకు శీర్షిక ఉండదు. పల్లవి మొదటి మాటలే దాని పేరు. అందుకే ‘ఏ సినిమాలోది?’ అనే ప్రశ్న దాన్ని వెన్నంటే వస్తుంది. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పినవి రెండు. ఒకటి, సినిమాహాళ్ల దగ్గర చవకగా అమ్మిన పాటల పుస్తకాలు. నాసిరకం కాగితం, ముందు తారాగణం, సాంకేతిక వర్గం, తర్వాత ‘మిగతా కథ వెండితెర మీద చూడండి’ అనే ధోరణిలో సగంలో ఆపేసిన కథ, ఆ తర్వాత పాటలు. రెండోది రేడియో. 1948లో విజయవాడ కేంద్రం వచ్చింది, 1957లో వివిధ భారతి మొదలైంది. పాటకు ముందు చిత్రం, రచన, సంగీతం, గానం అని నాలుగూ చదవడం రేడియోలో మర్యాద. ఒక్క గ్రామఫోన్ ప్లేటు కూడా చేత్తో పట్టుకోని వాళ్లకు ‘మల్లీశ్వరి’ పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రివని, ‘మాయాబజార్’ పాటలు పింగళి నాగేంద్రరావువని తెలిసింది ఈ దారినే. అదీ పూర్తి చీటీ కాదు సుమా. ‘మాయాబజార్’లో కొన్ని బాణీలు మధ్యలో తప్పుకున్న సాలూరి రాజేశ్వరరావువని అందరికీ తెలిసిన మాట. టైటిల్స్‌లో సంగీతం ఘంటసాల ఒక్కరిదే.

పాటతో పాటే పేర్లు చేరవేసే ఈ తీగ కాంపాక్ట్ డిస్కుతో తెగింది. 1980లో ఖరారైన ప్రమాణం ప్రకారం డిస్కు మీద పాటలుంటాయి గానీ వాటి పేర్లుండవు. ఆ లోటు తీర్చడానికి 1990ల్లో టీ కాన్, స్టీవ్ షెర్ఫ్ కలిసి సీడీడీబీని నడిపారు. ఏ పాట ఎక్కడ మొదలవుతుంది, డిస్కు మొత్తం ఎంతసేపు అన్న లెక్కల నుంచి ఒక గుర్తింపు సంఖ్య తయారు చేసి, దానికి ఎదురుగా పేర్లు చేర్చడం దాని పని. ఆ పేర్లు టైపు చేసింది కంపెనీలు కాదు, డిస్కులు కొనుక్కున్న మామూలు మనుషులు. దాని వర్గాలు 11 మాత్రమే. ఐడీ3 ట్యాగు మొదటి జాబితాలో రకాలు 80. అందులో పోల్కా ఉంది, క్రిస్టియన్ ర్యాప్ ఉంది, కర్ణాటక సంగీతం లేదు. ఇది కుట్ర కాదు. ఆ పట్టిక రాసినవాళ్ల ఇళ్లలో ఉన్న డిస్కులు అవి. ఒక పాటకు ఒక ఆర్టిస్టు, అతని ఆల్బమ్ అన్నది వాళ్ల లోకం. మనకు ఆల్బమ్ గడిలో సినిమా చక్కగా ఇమిడింది. ఆర్టిస్టు గడి దగ్గరే ఇబ్బంది. ‘ఘంటసాల’ ఒక మనిషి, ‘ఘంటసాల, పి. లీల’ ఇంకో మనిషి, ‘ఘంటసాల, పి. సుశీల’ మరో మనిషి అని ప్లేయరు లెక్కగట్టి జాబితాలో వేరువేరుగా చూపిస్తుంది.

అంత ఇరుకు చీటీలో ఎవరైనా ఏం రాయగలరు అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పైగా ఆ ట్యాగు రోమన్ లిపి కోసం పుట్టింది. ఇప్పటి యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగులో ప్రతి అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు మూడేసి బైట్లు పడతాయి. ఆ లెక్కన ‘మల్లీశ్వరి’ ఒక్కటే సరిగ్గా 30 బైట్లు తినేస్తుంది. ‘ఘంటసాల వెంకటేశ్వరరావు’కు 61 కావాలి. కానీ ఈ ఇరుకు రెండేళ్లే. 1998లో వచ్చిన రెండో తరం ఐడీ3లో యూనికోడ్‌కు దారి ఉంది, స్వరకర్తకు ఒక గడి, గీత రచయితకు ప్రత్యేకంగా మరో గడి ఉన్నాయి. చోటు వచ్చింది, పేరు రాలేదు. మరి ఆ కాలపు తెలుగు ఎంపీ3 ఫైళ్లలో ఏముండేది? పాటలు దింపుకునే సైట్లు ఆర్టిస్టు గడిలో, ఆల్బమ్ గడిలో, ఒక్కోసారి పాట పేరు పక్కన కూడా తమ చిరునామా కొట్టుకునేవి. ముద్ర వేసుకునే హక్కు వాగ్గేయకారుడి నుంచి గాయనికి, ఆమె నుంచి ఫైలు ఎక్కించినవాడికి జారిందన్నమాట. చోటు ఇరుకే కారణమైతే రచయిత పేరు పట్టని చీటీలో ఆ చిరునామా మూడుసార్లు ఎలా పట్టింది?

ఇప్పుడు ఈ చీటీల గొడవెందుకు, పల్లవి రెండు మాటలు కొడితే పాట వచ్చేస్తోంది కదా అనేది ఇంకో వాదం. వినడమే పనైతే ఈ మాట కాదనలేం. వెతుకులాట చీటీలో ఉన్నదాన్నే పట్టి తెస్తుంది. కృష్ణశాస్త్రి సినిమా పాటలన్నీ ఒకచోట వినాలనుకునేవాడికి, ఆ గడి ఖాళీగా ఉన్న పాట లేనట్టే లెక్క. పేరు ఉన్నా, రోమన్ లిపిలో ‘త్యాగరాజ’కు ‘హెచ్’ ఉందా లేదా అన్నదాని మీద సగం పాటలు ఒకవైపు, సగం ఇంకోవైపు ఉంటాయి. వినేవాళ్లకు రచయిత అక్కర్లేదు, అందుకే పేరు పోయింది అనేవాళ్లూ ఉన్నారు. రేడియో కాలం దీనికి సాక్ష్యం ఇవ్వదు. చెప్పినంతకాలం జనం గుర్తుపెట్టుకున్నారు.

ఈమధ్య ఆ గడులు మళ్లీ నిండుతుండటం గమనించదగ్గది. సినిమా కోసం రాయించుకున్న పాట మీద హక్కు నిర్మాతదేనని 1977లో సుప్రీంకోర్టు తీర్పుతో స్థిరపడింది. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి, రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను పూర్తిగా వదులుకునే ఒప్పందాలు చెల్లవన్నారు. వాటా పంచాలంటే ఎవరు రాశారో తెలియాలి. స్పాటిఫై 2018లో పాట వెనక ఉన్న పేర్లు చూపించడం మొదలుపెట్టింది. సాంకేతికంగా 1998లోనే సాధ్యమైన పని ఇది. పేరుతో డబ్బు పని పడ్డాక జరిగింది. పాత పాటల సంగతి ఇంత సులువు కాదు. ముగ్గురు నలుగురు కవులు కలిసి పనిచేసిన సినిమాల టైటిల్స్‌లో అందరి పేర్లూ ఒకే కార్డు మీద ఉంటాయి, ఏ పాట ఎవరిదో ఆ కార్డు చెప్పదు. ఆ చిక్కు విప్పేది చాలాసార్లు హాలు బయట అమ్మిన పాటల పుస్తకమే. అది దొరకని చోట శైలిని బట్టి ఊహించి, శ్రీశ్రీ అనో ఆరుద్ర అనో రాసేసేవాళ్లున్నారు. ఒకరు రాసిన ఊహ పదిమంది ఫైళ్లలోకి నకలైపోతే, ఖాళీ గడి కన్నా దాన్ని సరిదిద్దడమే కష్టం.