పాత గేముకి రేటు కట్టేదెవరు?

1983 సెప్టెంబరులో అటారీ కంపెనీ అమ్ముడుపోని వీడియో గేమ్ క్యాసెట్లని (కార్ట్రిడ్జ్ అనాలట, మనకి చిన్నప్పట్నుంచీ అవి క్యాసెట్లే) లారీలకెత్తించి, న్యూమెక్సికోలో అలమగోర్డో అనే ఊరి చెత్తదిబ్బలో పూడ్పించింది. వాటిల్లో 'ఈ.టీ.' ఒకటి. స్పీల్‌బర్గ్ సినిమా వేడి చల్లారకముందే, 1982 క్రిస్మస్‌కల్లా షాపుల్లో ఉండాలని హోవర్డ్ స్కాట్ వార్షా అనే ప్రోగ్రామరు చేత ఐదు వారాల్లో రాయించిన గేమది. డెడ్‌లైన్ ముందు చెప్పి ఎస్టిమేట్ తర్వాత అడిగేవాళ్ళు అప్పుడూ ఉన్నారన్నమాట!

2014 ఏప్రిల్లో ఆ దిబ్బ తవ్వితే పదమూడు వందల దాకా క్యాసెట్లు బయటపడ్డాయి. వాటిల్లో కొన్నిటిని ఈబేలో అమ్మితే మొత్తం లక్ష డాలర్లు దాటింది. చెత్తలో పడని ఈ.టీ. ఇప్పటికీ చవగ్గానే దొరుకుతుంది. అంటే జనం కొన్నది గేముని కాదు, దాని కథని.

ఈబే రాకముందు పాత గేముకి రేటంటూ ఉండేది కాదు, సంతలో అమ్మేవాడి నోటికొచ్చిందే రేటు. 2007లో మొదలైన ప్రైస్‌చార్టింగ్ సైటు మంచి పని చేసింది. అడిగిన ధర కాదు, నిజంగా అమ్ముడైన ధరలు తీసుకుని, ఒక్కో గేముకీ మూడు రేట్లు చూపించింది: ఉత్త క్యాసెట్, డబ్బా-పుస్తకంతో సహా, సీలు విప్పనిది. మొదటిది ఆడుకునేవాడి రేటు. మూడోదానికి ఆటతో సంబంధం లేదు.

ఆ మూడోదాన్నే 2018లో వచ్చిన వాటా గేమ్స్ పట్టుకుంది. సీలుకి మార్కులేసి, ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ఇస్తారు. 2021 జులైలో హెరిటేజ్ వేలంలో సూపర్ మారియో 64 పెట్టె ఒకటి 15 లక్షల 60 వేల డాలర్లకి పోయింది. కోటికి పైగా కాపీలమ్ముడైన గేము, అరుదు అనడానికి నోరెలా వస్తుంది? అదే గేము ఉత్త క్యాసెట్ కొన్ని పదుల డాలర్లకి వస్తుంది. ఏమాటకామాటే, కొనుక్కునేవాడి డబ్బు వాడిష్టం. కానీ నాకైతే అది వీలునామా రాసి పెట్టిన దోశలా ఉంది, తినేవాడు లేడు.

దానికి రెండ్రోజుల ముందు అక్కడే సీలు విప్పని ఒక జెల్డా 8 లక్షల 70 వేలకి అమ్ముడైంది. 1987 నాటి ఆ క్యాసెట్లో, ఆట సేవ్ చేసుకోడానికి రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటుంటుంది. అది ఇంకా బతికుందో లేదో చూడాలంటే సీలు చింపాలి. ఎవరు చింపుతారు?