చింతాద్రిపేట మీదుగా పోయే రైలు

మా షోళింగనల్లూరుకు రైలు లేదు. రైలెక్కాలంటే బస్సులో తిరువాన్మియూరుకో, వేళచ్చేరికో పోవాలి. అక్కడ దొరికేది బీచి - వేళచ్చేరి లోకల్ రైలు. స్తంభాల మీద పోతుంది గనుక తమిళంలో దీన్ని ‘పరక్కుం రైలు’ అంటారు, అంటే ఎగిరే రైలు. ఈ దారి గురించి మన నేత కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది.

ఈ రైలు 1995 నవంబరులో బీచి నుంచి చేపాక్కం దాకా మొదలయింది. 1997లో తిరుమయిలై, 2004లో తిరువాన్మియూరు, 2007 నవంబరులో వేళచ్చేరి చేరింది. ఊళ్ళో స్థలం దొరకడం కష్టం గనుక చాలా మేర బకింగ్‌హాం కాలువ వెంబడే స్తంభాలు వేశారు. ఆ కాలువ ఆంధ్రలో పెదగంజాం నుంచి మదరాసు మీదుగా, మా ఊరి పక్కగా, మరక్కాణం దాకా పోతుంది. ఒకప్పుడు దాని మీద పడవల్లో ఉప్పు, కట్టెలు వచ్చేవి. కాలువ మా దాకా వచ్చింది గాని, రైలు మాత్రం మధ్యలోనే వేళచ్చేరి వైపు తిరిగిపోయింది.

బీచి నుంచి లెక్కేస్తే నాలుగో స్టేషను చింతాద్రిపేట. తమిళంలో ‘తరి’ అంటే మగ్గం. ‘చిన్న తరి పేట’ అనేదే చింతాద్రిపేట అయిందని పెద్దలు చెబుతారు. 1734లో గవర్నరు జార్జి మార్టన్ పిట్ కాలంలో, కూవం నది వంపులో, సుంకురామ చెట్టి తోట ఉన్నచోట ఈ పేట వెలిసింది. కంపెనీకి సీమకు పంపడానికి బట్ట కావాలి. కోటకు దగ్గరలోనే నేయించుకుంటే మేలని నేతగాళ్ళను, నూలు వడికేవాళ్ళను, అద్దకం వాళ్ళను తెచ్చి కాపురం పెట్టించారు. ఇప్పుడు చింతాద్రిపేట అంటే జనానికి చేపల మార్కెట్టు, మోటారు సామాన్లు గుర్తొస్తాయి.

బీచి - ఎగ్మూరు మధ్య నాలుగో పట్టాల పని కోసం 2023 ఆగస్టు నుంచి 2024 అక్టోబరు దాకా ఈ రైళ్ళు చింతాద్రిపేట నుంచే బయలుదేరాయి. ఆ పద్నాలుగు నెలలు అందరూ ఆ పేరు చూసే రైలెక్కారు. అందులో మగ్గం ఉందని ఎంతమందికి తెలుసు? మన పిల్లల్లోనే ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు మెట్రో రెండో దశలో రెండు దారులు మా షోళింగనల్లూరులో కలిసేలా పనులు జరుగుతున్నాయి. రైలు వస్తే మాకూ సంతోషమే. అయితే చింతాద్రిపేటలో మగ్గం పోయి పేరు మిగిలింది. మన ఇళ్ళల్లో మగ్గం ఆడుతుండగానే, పెద్దలు ఉండగానే, ఏ ఊరినుంచి వచ్చామో, ఏమి నేశామో రాసి పెట్టుకుందాం. ఈసారి ఆ రైల్లో పోయేటప్పుడు నాలుగో స్టేషను బోర్డు పిల్లలకు చూపించండి. ఇది మన నేతవాళ్ళ పేట అని చెప్పండి.